కోసిన చోటు

విశాఖపట్నం
7 జూలై 2024

మామూకి ఆదాబ్.

ఈ ఉదయం గుమ్మంలో పాల ప్యాకెట్ తీస్తుంటే ఒకచోట మాత్రం తెల్లగా కనిపించింది. పాలు వేసే అతని బొటనవేలు తుడిచిన చోటు. మిగతా అంతా పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము. కడగబుద్ధి కాక కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

మీకు ఫోన్లో వినపడడం లేదని షానవాజ్ భాయ్ చెప్పాడు. నాకు ఫోన్లో మాట్లాడడం చేతకాదు. అందుకే ఉత్తరం. ఉర్దూ రాయడం మనిద్దరికీ రాదు కనుక తెలుగులోనే.

పాత పోస్టాఫీసు వెనక మీ కొట్టు నిన్న ఖాళీ చేశాం. నెలాఖరుకి ఆ వరస అంతా పడగొడతారట. తాళాలు, కిరోసిన్ స్టవ్వుల బర్నర్లు పాత సామాన్ల వాడికి ఇచ్చేశాం. బల్లకి బిగించే ఇనప వైస్‌ని షానవాజ్ భాయ్ ఆనందపురం తెస్తానన్నాడు, ఈపాటికి చూసే ఉంటారు. మీరు కూర్చునే బల్ల కింద, గోడ వైపు, ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. ఎత్తబోతే ఒక చేత్తో లేవలేదు. అంత బరువు.

లోపల ఇత్తడి ముక్కలు. నాలుగు రింగులు పక్కపక్కన కలిపి పోత పోసినవి, కింద అరచేతికి ఆనుకునే అడ్డకడ్డీ. పద్నాలుగు ఉన్నాయి. ఇలాంటివాటిని నకిల్ డస్టర్ అంటారని ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో చదివాను, చూడడం మొదటిసారి. ఏ రెండూ ఒకలా లేవు. కానీ పద్నాలుగింటినీ ఎవరో రంపంతో ఒకచోట కోసేశారు. ఒకదానికి చిటికెన వేలి రింగు, ఇంకొకదానికి చూపుడు వేలి రింగు. కోసిన చోట కొంచెం విప్పారి ఉన్నాయి, నోరు తెరిచినట్టు.

అమ్మ చూసి, “ఇవి మా అన్నయ్యవి కావు,” అని మూత పెట్టేసింది. నేను అడగకముందే అంది. డబ్బా ఇప్పుడు నా పుస్తకాల బీరువాలో, కింది అరలో ఉంది.

ఇవి ఏమిటి మామూ? ఎందుకు కోశారు?

షాహీనా భాభీకి సలాం చెప్పండి.

మీ
ఫర్హా


ఆనందపురం
16 జూలై

ఫర్హా బేటీకి మామూ దువాలు.

నీ ఉత్తరం పట్టుకుని పోస్టుమేను షాపు కాడికొచ్చి “సాహెబ్ గారూ, ఇది కరెంటు బిల్లు కాదండీ, ఉత్తరం” అని అరిసినాడంట. నాకు ఇనపడనేదు. అర్జునరావు సెప్పినాడు. ఆడు మా షానవాజ్ షాపులో వెల్డరు, నా సెవిలో నోరెట్టి మాటాడతాడు. లోపల గ్రైండరు, బయట హైవే మీద లారీలు. సెవుడొచ్చినోడు కాపరం ఉండాలంటే ఆనందపురం జంక్షనే ఉండాల.

మీయమ్మ సెప్పింది నిజం. అయ్యి నావి కావు. నా సేతికి ఎప్పుడూ తొడుక్కోనేదు. అయ్యి పంచ్‌లు. ఒకప్పుడు రేవు కాడ లోడింగు ముఠాలు తెగ కొట్టుకునేవోరు. ఆ ఊసు నువ్వు పుట్టకముందుది.

సినిమాల్లో సూపించని సంగతి ఒకటుంది, సెప్తాను ఇను. పంచ్ పెట్టి కొడితే దెబ్బ తిన్నోడికే కాదు, కొట్టినోడికీ యేళ్ళు ఇరుగుతాయి. తెల్లారేసరికి బూరెల్లాగ వాసిపోతాయి. ఇత్తడి ఇంక ఊడి రాదు. సబ్బు రాసినా రాదు, నూనె రాసినా రాదు. ఆసుపత్రికి ఎల్తే పోలీసులకి కబురెల్తాది. కంసాలి కాడికి ఎల్తే ఆడు తలుపేసుకుంటాడు. అప్పుడు గుర్తొత్తాడు తాళాలు బాగుసేసే ఫక్రుద్దీను.

నాను ఏం సేసేవోణ్ణంటే, తోలుకీ ఇత్తడికీ మధ్య పల్చటి రేకుముక్క దూర్చి, తడిగుడ్డ సుట్టి, సన్న రంపంతో కోసేవోణ్ణి. కూలి పుచ్చుకునేవోణ్ణి కాదు. కోసిన ముక్క నా కాడ ఒగ్గీయాల, అదొక్కటే షరతు. ‘ఇది ఇంకే సేతికీ ఎక్కదు, పో’ అని సెప్పి పంపీసేవోణ్ణి. అమ్మకుండా ఎందుకు దాసినావంటావా? అమ్మితే కరగబోసి మళ్ళీ అదే సేత్తారేమోనని.

ఇంక నా మాట ఇను. అయ్యి ఇంట్లో ఉంచుకోకు. రేపు పెళ్ళిసూపులకొచ్చినోళ్ళు “అమ్మాయి అల్లికలు సూపించండి” అంటే ఇయ్యి సూపిత్తావేటి? సముద్రంలో పారీసి రా.

మీయమ్మకి దువా.

ఫక్రుద్దీన్ మామూ


విశాఖపట్నం
28 జూలై

మామూకి ఆదాబ్.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సముద్రంలో వేయలేదు. కోప్పడకండి.

ఇలాంటివి సేకరించేవాళ్ళు ఉన్నారని నెట్‌లో చదివాను. వాళ్ళ దగ్గర వందలు ఉంటాయి. యుద్ధంలోవి, వెండివి, ముళ్ళు ఉన్నవి. ఫోటోలు చూశాను. ఎంత చూసినా ఒక కొట్టు కిటికీలోకి చూసినట్టే ఉంది. మన డబ్బా అలా లేదు. ఇందులో ప్రతిదీ ఎవరో ఒకరి చేతి నుంచి వచ్చింది. ఎవరూ దీన్ని పోగు చేద్దామని పోగు చేయలేదు. అయినా ఇది ఒక సేకరణే అనిపిస్తోంది. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మా కాలేజీ లైబ్రరీలో తలుపు పక్కన ఒక అద్దాల బీరువా ఉంది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకి అందులో ఏదో ఒకటి పెడతారు. పోయినేడు పాత బైబిళ్ళు పెట్టారు. ఈసారి ఇవి పెడదామని మా ప్రిన్సిపాల్ సిస్టర్‌ని అడగాలనుకుని రెండు రోజులు ఆవిడ గది ముందు నుంచి నడిచాను. చివరికి చీటీ రాసి తలుపు కింద నుంచి తోశాను. ఆవిడే పిలిచారు. ఒకటి తీసుకుని వేళ్ళకి పెట్టుకోబోయారు. విప్పారిన అంచు గుచ్చుకుంది. “ఇక ఎవరికీ తొడుక్కోవడానికి పనికిరావు కదా? అన్నీ ఇలాగేనా?” అన్నారు. అన్నీ ఇలాగే అన్నాను. “అయితే సరే. పనికివచ్చేది ఒక్కటున్నా నేను ఒప్పుకోను. ఇది ఆడపిల్లల కాలేజీ,” అన్నారు.

లైబ్రేరియన్‌గా నాకు ఇక్కడ ఇది నాలుగో ఏడు. ఈ నాలుగేళ్ళలో ఎవరినైనా ఏదైనా అడగడం ఇదే మొదలు. అందుకని చెప్తున్నాను.

లైబ్రరీలో పుస్తకం ఊరికే ఉండదు మామూ. ఎవరిది, ఎప్పటిది అని కార్డు ఉంటుంది. కార్డు లేకపోతే అది కాగితాల కట్ట. వీటికీ కార్డులు రాయాలి. పేర్లు చెప్పండి. పూర్తి పేర్లు వద్దు, మొదటి అక్షరం చాలు. ఏ సంవత్సరమో, ఏ ముఠానో. గ్యాస్ సిలిండర్లకి వచ్చిన షానవాజ్ భాయ్ చేత డబ్బా పంపుతున్నాను. చూస్తే మీకు గుర్తొస్తుంది.

మీ
ఫర్హా


ఆనందపురం
11 ఆగస్టు

ఫర్హా బేటీకి మామూ దువాలు.

డబ్బా అందింది. ముప్పయ్యేళ్ళ తరవాత మూత తీసినాను. కోడలు షాహీనా సూసి “అబ్బాజాన్, ఇయ్యేటి, రొయ్యల గారెల అచ్చులా?” అంది. అవునన్నాను. పొయ్యి కాడికి పట్టుకుపోతదేమోనని మళ్ళీ నిజం సెప్పవలసొచ్చింది.

పేర్లు నాకు తెల్దు. అడగనేదు. అడిగితే సెప్పుదురు, సెప్పితే నాకు తెలుత్తాది, తెలిత్తే ఎవుడో ఒకడు నన్ను అడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవ. ఏ ముఠావోడో, ఎవుణ్ణి కొట్టినాడో, అదీ తెల్దు. ఏడాదులు అసలే తెల్దు.

తెలిసింది సెప్తాను. ఈ అయిదూ మళ్ళీ నీకు పంపుతన్నాను, కాగితం ముక్కలు కట్టి పంపుతన్నాను.

సిటికెన వేలు కాడ కోసింది: ఆళ్ళమ్మ నెత్తళ్ళ సేపలు మామిడికాయేసి వండుద్ది.

సూపుడు వేలు కాడ కోసింది: గోదారోడు. ఆనపకాయ పాలు పోసి వండుద్దంట. మనకేటి రుచి తెలుత్తాది.

వంకరగా, ఉంగరం వేలు పక్కన: దాల్చా. మనోడే.

రెండు సోట్ల కోసింది: పెసర పునుకుల పులుసు. ఈడు ఏడిసినాడు, నెప్పికి కాదు.

నడిమి వేలు: అడిగితే మాటాడనేదు. సగం కోసినాక “గంజి” అన్నాడు.

మిగతా తొమ్మిదీ నా కాడే ఉంచినాను. ఒక్కోటీ సేతిలో పట్టుకుని కూసుంటే గాని గుర్తు రావు. బేగి సెప్పమని తొందర పెట్టకు. ముసిలోడి బుర్ర, నీ లైబ్రరీ బీరువా కాదు.

ఫక్రుద్దీన్ మామూ


విశాఖపట్నం
22 ఆగస్టు

మామూకి ఆదాబ్.

అయిదూ అందాయి. కాగితాలు చదివాను.

నేను చిన్నపిల్లని కాను మామూ. మీరు నాకు అబద్ధాలు చెప్పి నవ్వించేవారని తెలుసు. డాల్ఫిన్స్ నోస్ కొండ రాత్రిపూట నీళ్ళు తాగడానికి కదులుతుందని చెబితే ఏడో తరగతి దాకా నమ్మాను. కానీ ఇది నాకు ఆట కాదు. నేను పేర్లు అడిగితే మీరు కూరలు రాశారు. సిస్టర్ కార్డులు ఎలా ఉంటాయో ముందు చూపించమన్నారు. దాల్చా అని రాసి ఆవిడ చేతికి ఎలా ఇవ్వను? పేర్లు చెప్పడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పండి. నేను అర్థం చేసుకుంటాను.

ఇంకొకటి. నెట్‌లో ఇవి సేకరించే ఒకాయనకి ఫోటోలు పంపాను. ఆయనది ముంబయి. చాలా పెద్ద సేకరణ. రెండే వాక్యాలు రాశాడు. ‘కోసినవాటికి విలువ లేదు. ఎక్కడా దెబ్బతినకుండా ఉన్నవి దొరికితే చెప్పండి.’ అది చదివాక ఆ రోజంతా నాకేమీ తోచలేదు. పుస్తకాలు ఒక అరలోవి ఇంకో అరలో సర్దాను. సాయంత్రం గంగాలమ్మ ఊడవడానికి వచ్చి, “ఏటమ్మా, మొకం అలాగ పెట్టినావు, ఎవులైనా ఏటైనా అన్నారేటి?” అంది. లేదన్నాను.

కార్డులకి గడువు అక్టోబరు ఆఖరు. మిగతావాటి గురించి మీకు తోచినట్టు చేయండి.

మీ
ఫర్హా


ఆనందపురం
20 సెప్టెంబరు

ఫర్హా బేటీకి మామూ బోల్డన్ని దువాలు.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయనేదో ఇప్పుడు తెలుత్తాది. షానవాజ్ తెచ్చే సంచీ ముందు ఇప్పకు. ముందు ఇది సదువు.

నీకు కోపమొచ్చింది. కూరలు ఎగతాళి కాదే పిచ్చిదానా. ఇత్తడి కోసినపుడు ఆడు సెయ్యి బిగించినాడనుకో, రంపం జారి తోలుకి తగుల్తాది. గొడవ ఊసెత్తితే సెయ్యి బిగుసుకుంటాది. డబ్బు ఊసెత్తినా అంతే. అన్నీ సూసినాను. ‘మీయమ్మ ఏటి వండుద్దిరా’ అంటే మాత్రం ఎంత మొనగాడికైనా వదులైపోద్ది. అందుకని అందర్నీ అదే అడిగేవోణ్ణి. పేర్లు తెల్దు, కూరలు తెలుసు. అంతకు మించి ఏటీ నేదు. నీతో ఎగతాళి సెయ్యడానికి కొండలున్నాయి గాని ఇయ్యి కాదు.

ఇంక అసలు సంగతి. ఆ ముంబయివోడి మాట సదివి నా కడుపు రగిలిపోయింది. నా మేనకోడలు మనసు పడి ఒక పని సేత్తంటే, ఇలువ లేదంటాడా? ఇరిగిందని కదా నేదన్నాడు? నలభయ్యేళ్ళు తాళాలు బాగుసేసినోణ్ణి, నాకు ఇరిగినవి అతకడం రాదేటి?

షానవాజ్‌ని గ్యాసు అడిగినాను. కోసిన సోటు ఆకురాయితో రుద్ది, వెలిగారం జల్లి, మంట పెట్టి, ఇత్తడి కడ్డీ కరగబెట్టి పోసినాను. మళ్ళీ ఆకురాయి, తరవాత ఎమ్రీ కాగితం, ఆఖర్న షాహీనా కాడ సింతపండు అడిగి తోమీసినాను. సెయ్యి ఒక్కసారీ వొణకనేదు. తొమ్మిదీ అతికీసినాను బేటీ. ఎక్కడ కోసినానో నాకే కనబడ్డం నేదు.

మొన్న పదిహేడున విశ్వకర్మ పూజ. అర్జునరావు గ్రైండరుకీ కంప్రెసరుకీ బొట్లెట్టి, బల్ల మీదున్న ఈ తొమ్మిదింటికీ కూడా బొట్లెట్టీసినాడు. ‘అయ్యేటిరా’ అంటే ‘పనిముట్లే కదా సాహెబ్ గారూ’ అన్నాడు. కుంకం మరక ఒకదానికి ఇంకా ఉంటాది, తుడుసుకో.

ఇప్పుడు ఆ ముంబయివోడికి ఫోటోలు పంపు. ఏటంటాడో నాకు రాయి.

నీ ఫక్రుద్దీన్ మామూ


విశాఖపట్నం
30 సెప్టెంబరు

మామూకి ఆదాబ్.

సంచీ అందింది. మీరు చెప్పినట్టే ముందు ఉత్తరం చదివాను.

పని చాలా బాగుంది. ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. అతుకు కనబడలేదు. తొమ్మిదీ బంగారంలా ఉన్నాయి.

ఒకటి వేళ్ళకి పెట్టుకున్నాను. నాలుగు వేళ్ళూ దూరాయి. పిడికిలి బిగిస్తే అద్దంలో అది నా చెయ్యిలా లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.

కూరల సంగతి ఇప్పుడు అర్థమైంది. అలా రాసినందుకు నన్ను క్షమించండి. ఆ అయిదు కార్డులూ రాశాను. ‘చిటికెన వేలు. నెత్తళ్ళు, మామిడికాయ.’ అంతే. సిస్టర్ అయిదూ చదివి, గంజి అన్న కార్డు ఇంకోసారి తీసి చదివారు. ఇలాగే మిగతావీ రాయమన్నారు.

ఈ తొమ్మిదింటిలో ఏది ఎవరిదో మీరు చెప్పగలరా?

ఇవి అతికించారని సిస్టర్‌కి చెప్పాను. దాచడం బాగుండదనిపించింది. ఆవిడ ఒకటి వేళ్ళకి తొడుక్కుని, వెంటనే తీసి బల్ల మీద పెట్టారు. బీరువా తాళంచెవి నా బల్ల మీదుండేది. అది తీసి తన సొరుగులో వేసుకున్నారు.

షాహీనా భాభీకి సలాం.

మీ
ఫర్హా


ఆనందపురం
10 అక్టోబరు

ఫర్హా బేటీకి.

నీ ఉత్తరం సదివి అన్నం తినకుండా లేసిపోనాను. షాహీనా కూర బాగోనేదేటి అని అడిగింది.

నువ్వు నన్ను ఒక్క మాట అన్నేదు. అంటే బాగుణ్ణు.

ప్రతివోడికీ సెప్పినాను కదా, ఇది ఇంకే సేతికీ ఎక్కదని. ఆ మాట మీదే ఆళ్ళు నా కాడ ఒగ్గీసి పోనారు. అలాంటిది నా సేత్తోనే మళ్ళీ సేతికెక్కేలాగ సేసినాను. అది కూడా ఎక్కడెక్కింది? నీ సేతికి. అర్జునరావు పనిముట్లన్నపుడైనా నాకు తట్టాల. తట్టనేదు. పని బాగా కుదిరిందన్న కులుకులో ఉన్నాను. ఏడుపదులు దాటినోడికి ఎవుడైనా పని సెప్తే అంతే, కళ్ళు కనబడవు.

ఏది ఎవుడిదో అడిగినావు. ఆ తొమ్మిదీ సింతపండుతో తోమక ముందు అడిగితే సెప్పుదును. నాను ఇత్తడిని బట్టి గుర్తెట్టుకోనేదు. కోసిన సోటు బట్టి గుర్తెట్టుకున్నాను. ఎక్కడ వాసిందో అక్కడ కోసినాను, అక్కడ సూత్తే ఆడి సెయ్యి గుర్తొత్తాది, సెయ్యి గుర్తొత్తే మాట గుర్తొత్తాది. ఇప్పుడు తొమ్మిదీ కొత్త సెంబుల్లాగ ఉన్నాయి. నాకు ఏటీ సెప్పవు.

కూరలు మాత్రం ఉన్నాయి బుర్రలో. సింతసిగురు రొయ్యలు. వంకాయ పచ్చిపులుసు. సేమదుంపల పులుసు. ఉలవచారు. ఖీమా. గుమ్మడికాయ దప్పళం. పెండలం వేపుడు. సోడి అంబలి. ఒకడు ‘మాయమ్మ ఏది వండినా మాడ్సీస్తాది’ అన్నాడు, ఇద్దరం నవ్వినాం. తొమ్మిది కూరలు, తొమ్మిది ఇత్తళ్ళు. ఏది దేనిదో తెల్దు. ఊరికే జత కట్టి సెప్పీమంటావా? నీకు తెలీదు. ఆ సిస్టరుకీ తెలీదు. కాని నాను సెయ్యను.

మళ్ళీ కోసీయాల. లేకపోతే నీ బీరువా పోద్ది, నా మాటా పోద్ది. కాని ఇప్పుడు సెయ్యి వొణుకుతోంది బేటీ. అతికినపుడు వొణకనేదు, ఇప్పుడు వొణుకుతోంది. షానవాజ్‌ని అడిగితే గ్రైండరు పెట్టి రెండు నిమిషాల్లో కోసి పారీస్తాడు. అలాగ వద్దు. వైస్ ఇక్కడే ఉంది, సన్న రంపం ఉంది. ఒక ఆదివారం రా. నాను సెప్తాను, నువ్వు కోద్దువు.

ఫక్రుద్దీన్


విశాఖపట్నం
24 నవంబరు

మామూకి ఆదాబ్.

వారోత్సవాలు అయిపోయాయి. ఎలా జరిగిందో రాయమన్నారు. అంతకంటే ముందు, కోయడానికి మీ దగ్గరికి వచ్చిన ఆదివారం మీ ఎదురుగా చెప్పలేకపోయినవి రెండు ఉన్నాయి.

మొదటిది. నాకు మీ మీద కోపం వచ్చింది. సంచీ విప్పిన రోజు చాలా కోపం వచ్చింది. బాగుంది అని రాశాను. మీరే అన్నారు కదా, అంటే బాగుణ్ణని. అందుకని ఇప్పుడు అంటున్నాను. ఇప్పుడు లేదు.

రెండోది. మొదటి దాన్ని కోసేటప్పుడు రంపం పట్టుకుపోయి నాకు కన్నీళ్ళొచ్చాయి. మీరు నా మొహం చూడలేదనుకున్నాను. చూడకుండానే, “మీయమ్మ పొద్దున్న ఏటి వండిందే?” అని అడిగారు. అమ్మ పొద్దున్న ఉప్మా చేసింది, జీడిపప్పు అడుగంటింది. అది చెబుతూ ఉండగానే రంపం కదిలింది. మీరు నన్ను ఓదార్చడానికి అడిగారో, చెయ్యి వదులవడానికి అడిగారో అడగాలనుకున్నాను. అడగలేదు. అడగకపోవడమే మంచిదైంది.

బీరువాలో రెండు అరలు పెట్టాను. పై అరలో ఆ అయిదు, ఒక్కోదాని ముందు ఒక్కో కార్డు. కింది అరలో మనం కోసిన తొమ్మిది. అన్నీ నడిమి వేలి దగ్గరే కోశాం కదా. వరసగా పెడితే ఒకే మనిషి చేతులు తొమ్మిది ఉన్నట్టుంది. వాటికి ఒకటే కార్డు. తొమ్మిది కూరలూ దాని మీద రాశాను, మాడిపోయినదాంతో సహా. కింద ఇలా రాశాను: ‘ఈ కోతలు వేళ్ళ నుంచి ఊడదీయడానికి కోసినవి కావు. మొదటి కోతలు చెరిగిపోయాయి. ఏ కూర దేనిదో తెలియదు.’ మీ పేరు రాయలేదు. సిస్టర్ ఒక్కొక్కటీ తీసి వేళ్ళు దూర్చి చూశారు. ఏదీ ఎక్కలేదు. తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

మొదటి రోజు అమ్మాయిలు నవ్వారు. తర్వాత మా ఇంట్లో చేమదుంపలు ఇలా చేస్తారు, అలా చేస్తారు అని వాదించుకున్నారు. ఒకమ్మాయి కార్డు కింద పెన్సిల్‌తో ‘మా నాన్నమ్మ కూడా మాడుస్తుంది’ అని రాసింది. చెరపలేదు. లెక్చరర్ మోహనకృష్ణ గారు వచ్చి, ఇందులో చరిత్ర ఎక్కడుంది, కూరలు తప్ప అన్నారు. ఆయన వెళ్ళాక చాలా బాగా జవాబు చెప్పాను, మనసులో.

మూడో రోజు సాయంత్రం గంగాలమ్మ చీపురు గోడకి ఆనించి బీరువా ముందు నిలబడింది. చదివి పెట్టమంది. పై అర చదివాను. కింది అర చదువుతుంటే, చింతచిగురు రొయ్యల దగ్గర, “మళ్ళీ సదువు,” అంది. చదివాను. “సిగురు ముందు వేపాల. రొయ్యలు ముందు వేపితే సేదొస్తాది. మాయమ్మకి తప్ప ఎవులికీ తెలీదు ఆ ఇసయం,” అంది. కాసేపటికి, “మా తమ్ముడు రేవులో లోడింగు సేసేవోడు. ఆడి కుడిసెయ్యి ముద్ద కలిపేది కాదు. సెంచాతో తినేవోడు, దొరలాగ. మేం ఎక్కిరించేవోళ్ళం,” అంది. అతను ఎక్కడున్నాడని అడగబోయాను. ఆమె మొహం చూసి మానేశాను. చింతచిగురు ఈ ఊళ్ళో ఎవరైనా వండుతారు. “ఇందులో ఏదో తెలీదా అమ్మా?” అంది. తెలియదన్నాను. “పోన్లే. తొమ్మిదిట్లో ఒకటి కదా,” అని చీపురు తీసుకుంది. మర్నాడూ, ఆ మర్నాడూ ఆ అద్దం తుడవడానికి మిగతావాటికంటే ఎక్కువసేపు పట్టింది.

ముంబయి ఆయనకి ఫోటోలు పంపలేదు. పంపను. ఆయన సేకరణలో ఒక్కటీ ఎవరూ వదిలేసి వెళ్ళింది కాదు. అక్కడ ఉన్నవన్నీ ఇంకా కొట్టగలవు. మన డబ్బాలోవి అలా కావు, అవి ఒకరు మానేసినవి. జూలైలో మీకు చెప్పలేకపోయింది ఇదే అనుకుంటాను.

జూన్ దాకా బీరువాలోనే ఉంచమని సిస్టర్ అన్నారు. “పద్నాలుగేనా, ఇంకా ఉన్నాయా?” అని కూడా అడిగారు. ఇంకొకటి వస్తుందన్నాను.

వచ్చే ఆదివారం అమ్మా, నేనూ ఆనందపురం వస్తున్నాం. రంపం, రేకుముక్క సిద్ధంగా ఉంచండి. నేను తెచ్చేది ఇత్తడి కాదు, ఉక్కు. పిల్లి మొహంలా ఉంటుంది. కళ్ళ చోట రెండు వేళ్ళు దూర్చుకోవడానికి రంధ్రాలు, చెవులు మొనదేలి ఉంటాయి. తాళంచెవులు తగిలించుకునేది అని ఆన్‌లైన్లో అమ్ముతారు. అమ్మకి తెలియదు. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు అది నా కుడిచేతి వేళ్ళకి ఉంటోంది.

మీ
ఫర్హా